నాచెజ్‌లో రెండు రాత్రులు, ఐస్ మెషిన్ పక్క గది

డాలస్‌లో పొద్దున్నే బయల్దేరి, భోజనానికి ఒకసారి, పిల్లల కోసం నాలుగుసార్లు ఆగి, సాయంత్రానికి మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్ చేరాం. నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉంటుందీ ఊరు. 1716లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ కోట కట్టారు. పాత బంగళాల్లోనే బస దొరుకుతుంది గానీ నలుగురం రెండు రాత్రులుంటే జేబు ఖాళీ. అందుకే డౌన్‌టౌన్‌కి దూరంగా, హైవే 61 మీద ఓ చవక మోటెల్‌లో దిగాం.

ఇలాంటి చోట్ల నాకు నచ్చేది ఒకటే: తలుపు తీస్తే ఎదురుగా కారు. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, నిద్రపోతున్న చిన్నోడు, ఆ వరసలోనే నాలుగడుగుల్లో లోపలికి చేరిపోయారు. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు ధారాళం. 'సిగరెట్ తాగని గది' అన్నారు గానీ కర్టెన్ ఆ మాట ఒప్పుకోలేదు. గోడకి అవతలే ఐస్ మెషిన్. రాత్రంతా గంటకోసారి ఇత్తడి గంగాళంలో గులకరాళ్లు కుమ్మరించినట్టు చప్పుడు. కౌంటర్లో గుజరాతీ పెద్దాయన్ని గది మార్చమంటే "ఇవాళ ఫుల్ బేటా" అని, మర్నాడు మధ్యాహ్నం అడక్కుండానే మేడ మీద చివరి గది తాళం చేతిలో పెట్టాడు. కార్డు మీద వంద డాలర్లు డిపాజిట్ పట్టుకుంటారని మాత్రం ముందు చెప్పలేదు. అది వెనక్కి రావడానికి వారం పట్టింది.

టికెట్ కొని చూసినవాటిలో డబ్బు గిట్టింది లాంగ్‌వుడ్ ఒక్కటే. హాలర్ నట్ అనే పత్తి భూస్వామి ఎనిమిది పలకలుగా, పైన ఉల్లిపాయలాంటి గుమ్మటంతో 32 గదుల భవనం మొదలుపెట్టాడు. 1861లో అంతర్యుద్ధం రాగానే ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పనివాళ్లు పనిముట్లు వదిలేసి వెళ్లిపోయారు. పూర్తయినవి కింది అంతస్తులోని 9 గదులే. పైకెక్కితే గిలాబా లేని ఇటుక గోడలు, వట్టి దూలాలు. యుద్ధంతో ఇక్కడి పత్తి ఎగుమతి ఆగిపోయిన ఆ ఏళ్లలోనే మన కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతులు ఊపందుకున్నాయి. అక్కడ నిలబడితే అది గుర్తొచ్చింది.

అయితే ఆ పత్తి ఎవరు ఏరారో తెలియాలంటే ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్‌కి వెళ్లాలి. టికెట్ లేదు. మామూలు రోడ్ల కూడలి, పచ్చిక, కొన్ని బోర్డులు. దక్షిణాన న్యూఆర్లీన్స్ తర్వాత అతిపెద్ద బానిసల సంత 1863 దాకా ఇక్కడే సాగింది. నేలలో సిమెంటులో సగం పూడ్చిన సంకెళ్లున్నాయి. మా పెద్దది వంగి, ఒక కడియంలో తన మణికట్టు పడుతుందేమో కొలవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. బంగళా గురించి కారులో గంట మాట్లాడిన పిల్ల ఇక్కణ్నుంచి బయల్దేరాక నోరు విప్పలేదు.

నాచెజ్ తెగవాళ్ల గ్రాండ్ విలేజ్ కూడా ఉచితమే. మట్టి దిబ్బలు, చెట్ల నీడ, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు చోటు. నాష్‌విల్ దాకా 444 మైళ్లు పోయే నాచెజ్ ట్రేస్ పార్క్‌వే మీద లారీలు ఉండవు. ఓ పది మైళ్లైనా నడిపి రండి.

మోటెల్ బ్రేక్‌ఫాస్ట్‌లో వాఫిల్ తప్ప ఇంకేం తినబుద్ధి కాలేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ముందే ఫోన్ చేసి మేడ మీద చివరి గది అడిగి.