నల్లగొండ నుంచి శంషాబాద్ దాకా: సంఘాలు, పాటల పుస్తకాలు, బసలు

తెలంగాణలో చర్చిల యాత్ర అనగానే అందరూ మెదక్ పేరే చెబుతారు. 1924లో వెస్లియన్ మెథడిస్టులు పూర్తి చేసిన ఆ చర్చి చూడదగ్గదే. కానీ ఒక్కో క్రైస్తవ శాఖ ఏం రాసింది, ఏం పాడింది అని వెతుక్కునేవాళ్లకు దక్షిణ తెలంగాణ దారే సరైనది. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, పాలమూరు (మహబూబ్‌నగర్), జడ్చర్ల, చివరికి శంషాబాద్. మా పుట్టింటివాళ్లది ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరన్) అనే ప్రొటెస్టంటు సంఘం, మా వదిన పుట్టింటివాళ్లది ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక సంఘం. ఇద్దరం కలిసి వెళ్లడం వల్ల ఒకరి గుడిలో ఇంకొకరు కొత్త కళ్లతో చూడగలిగాం.

నల్లగొండకు సికింద్రాబాద్ నుంచి గుంటూరు వైపు వెళ్లే రైళ్లు ఉన్నాయి. మేం బస్సే ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో, పల్లెవెలుగులో ఆడవాళ్లకు జీరో టికెట్టే కాబట్టి యాత్ర మొత్తం మీద ప్రయాణానికి దాదాపు ఖర్చే లేదు. బస మాత్రం నిరాశపరిచింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుంటే రాత్రంతా హారన్ల మోత, పొద్దున వేడినీళ్లు అడిగితే బకెట్‌కు వేరే డబ్బులన్నారు. ఊళ్లో కొంచెం లోపలికి వెళ్లి గది చూసుకోండి, ఆటోకు ఇంకో యాభై అయినా నిద్ర దక్కుతుంది.

నల్లగొండ 1976 నుంచి కథోలిక మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పరిధికి కేంద్రం. ఆదివారం పొద్దున్నే వదినతో దివ్యబలిపూజకు వెళ్లాను. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఏ మాటకు ఏ జవాబో అక్కడ అందరికీ నోటికి వచ్చు. పాస్టరు గారు అప్పటికప్పుడు చేసే ప్రార్థన వింటూ పెరిగిన నాకు ఆ క్రమం మొదట బిగుతుగా అనిపించింది, కాసేపటికి అందులో లయ వినబడింది. కథోలికుల బైబిల్లో 73 గ్రంథాలు, మా ఇంట్లో ఉన్నదాంట్లో 66. తోబీతు, యూదితు, మక్కబీయుల కథలు మేం చిన్నప్పుడు వినలేదు. వదిన మాత్రం తోబియా వెంట దేవదూత నడిచిన కథను బస్సులో వివరంగా చెప్పింది. ఏ పుస్తకం చేతిలో ఉంటే ఆ కథలే కదా ఇంట్లో చెప్పుకునేది!

తెలుగు పద్యంలోకి క్రీస్తు కథ తొందరగా రావడానికి కారణం కూడా కథోలికులే అనుకుంటాను. మంగళగిరి ఆనందకవి 18వ శతాబ్దంలోనే ‘వేదాంత రసాయనము’ రాశాడు. క్రీస్తు కథకు పూర్తిగా మన కావ్య మర్యాదే. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. దానికి రెండు వందల ఏళ్ల ముందే ఈ దారి వేసినవాడిని మాత్రం మన క్లాసుల్లో ఎవరూ తలవరు. అది నాకు బాధగానే ఉంటుంది.

అదే ఊళ్లో బాప్టిస్టుల కథ వేరు. అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో అప్పటి రష్యాలోని (ఇప్పటి ఉక్రెయిన్) జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ ఊళ్ల నుంచి బయలుదేరి నల్లగొండకు వచ్చారు. వాళ్లు పుట్టుకతో మెన్నోనైట్లు, పనిచేసింది అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌తో కలిసి. నల్లగొండ వైపు బాప్టిస్టు పేరు, పాలమూరు వైపు ఎంబీ పేరు ఎక్కువగా ఎందుకు వినబడతాయో ఈ సంగతి తెలిశాకే నాకు అర్థమైంది.

సాయంత్రం ఆరాధనలో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఆమె చేతిలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, వెన్ను ఊడిపోకుండా సూదీదారంతో కుట్టుకుంది. పేజీల మూలలు వేలి తడికి నల్లబడి గుండ్రంగా అరిగిపోయాయి. కీర్తన మీద రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉన్నాయి. నేను వాటినే చూస్తుంటే మోచేత్తో పొడిచి, “రాగం పేరు చూసుకుంట కూసుంటె ఎట్ల బిడ్డా, పాట ఎత్తుకో” అంది. ఎత్తుకున్నాను. ఆ పుస్తకంలో చాలా కీర్తనలు పురుషోత్తమ చౌదరివి (1803–1890). పర్లాకిమిడి వైపు పుట్టినవాడు. పల్లవి, చరణం, రాగం, తాళం అన్నీ మన సంకీర్తన పద్ధతే. మిషనరీలు తెచ్చిన ఇంగ్లీషు ట్యూన్లు కూడా సంఘాల్లో ఉన్నాయి, కానీ ముసలివాళ్లు కళ్లు మూసుకుని పాడేది చౌదరి గారి పాటలే. బాప్టిస్టులు, లూథరన్లు, ఎంబీలు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు సిద్ధాంతాల్లో ఎన్ని తేడాలున్నా ఈ పుస్తకం దగ్గర ఒక్కటైపోతారు. హెబ్రోను సహవాసాల (బక్త్ సింగ్ సంఘాల) వాళ్లకు ‘సీయోను గీతములు’ వేరే ఉన్నాయి. పెంతెకొస్తు సంఘాల్లో పాట ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్ల మీదకు మారింది. అక్కడ పాట పుస్తకంలో కంటే ఫోన్లోనే ఎక్కువ ఉంటుంది.

బాప్టిస్టులు తమవాడని చెప్పుకునే ఇంగ్లీషు రచయిత జాన్ బన్యన్ అనుమతి లేకుండా బోధించినందుకు జైలు పాలై రాసిన యాత్రా కథ 1678లో అచ్చయింది. ‘యాత్రికుని ప్రయాణము’గా తెలుగులో చాలామంది చదివిందే. మా తాత దగ్గర కూడా ఒక ప్రతి ఉండేది. బైబిల్ తర్వాత ఆయన చదివిన వచనం అదొక్కటే.

దేవరకొండ, నాగర్‌కర్నూల్ పాత మిషన్ కేంద్రాలు. ఒక పూట చొప్పున చాలు. దేవరకొండ బస్టాండులో టీ బాగుంది, టాయిలెట్లు బాగాలేవు. నేరుగా వెళ్లే బస్సులు తక్కువ, కల్వకుర్తిలో దిగి మారడమే నయం.

పాలమూరులో బస అన్ని విధాలా మేలు. 1,200 రూపాయలకు శుభ్రమైన నాన్-ఏసీ గది, గాలి, నీళ్లు, లిఫ్టు. జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాం. వదిన రెండు రోజులు దాని గురించే మాట్లాడింది. పిల్లలుంటే పిల్లలమర్రి చూపించండి, ఊరికి దగ్గరే.

ఇక్కడి కల్వరి ఎంబీ చర్చిలో కూర్చున్నప్పుడు నాకు సొంత ఇంటి చరిత్ర కొత్తగా తెలిసినట్టయింది. మెన్నోనైట్ అన్న పేరు మెన్నో సైమన్స్‌ది. 1536లో కథోలిక గురుత్వం వదిలేసిన డచ్చివాడు. ఆయన వెంట నడిచినవాళ్లు పసిపిల్లలకు కాదు, నమ్మిన పెద్దవాళ్లకే బాప్తిస్మం అన్నారు, కత్తి పట్టేది లేదన్నారు. అందుకే హింసలు పడి ఊళ్లకు ఊళ్లు మారారు. 1660 నాటి వాళ్ల హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) గ్రంథం నిండా ఆ కథలే. ఎంబీ శాఖ 1860లో రష్యాలో విడిగా ఏర్పడింది. అమెరికా ఎంబీ మిషనరీలు 1899లో నిజాం రాజ్యానికి వచ్చారు. పాలమూరు అప్పటికే బాప్టిస్టుల చేతిలో ఉంది, 1937లో ఎంబీ మిషన్‌కు మారింది.

ఈ శాఖ నుంచి పెద్ద సాహిత్యం వచ్చింది కెనడాలో. రూడీ వీబ్ తల్లిదండ్రులు సోవియట్ రష్యా నుంచి పారిపోయి వెళ్లిన మెన్నోనైట్లు. ఆయన 1962లో ‘పీస్ షల్ డిస్ట్రాయ్ మెనీ’ నవల రాశాడు. యుద్ధం వద్దనే సంఘంలో లోపలి హింస మాటేమిటని అడిగే నవల అది. అప్పుడాయన ఎంబీ సంఘ పత్రికకే సంపాదకుడు. గొడవ పెద్దదై ఆ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. కథోలికులు క్రమాన్ని, కావ్యాన్ని ఇచ్చారు, బాప్టిస్టులు పాటను ఇంటింటికీ చేర్చారు. తన సంఘాన్నే నిలదీసే రచన మా ఎంబీ వాళ్లలో పుట్టిందని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. అలాంటి నవల పాలమూరు సంఘాల్లోంచి తెలుగులో రావాలని నా కోరిక. కులం, వలస, కరువు, సంఘంలో పెద్దరికాలు, అన్నీ ఇక్కడ ఉన్నాయి.

జడ్చర్ల పాలమూరుకు దగ్గరే, అరగంట ప్రయాణం. అక్కడి ఎంబీ ఆసుపత్రి పేరు మా వైపు ముసలివాళ్లందరికీ తెలుసు. యాత్రికులకు చూడాల్సింది పెద్దగా లేదు, రోగులకు అడ్డం కాకుండా బయటి నుంచే చూసి వచ్చేశాం.

శంషాబాద్ అంటే ఎయిర్‌పోర్టు అనుకుంటాం. ఎంబీ బైబిల్ కాలేజీ ఇక్కడే. మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ 1932లో ఈ ఊళ్లోనే మిషనరీ ఇంట్లో పుట్టాడు. పాలమూరు జిల్లాలోని కొండూరు మీద ఆయన రాసిన పుస్తకం 1971లో అమెరికాలో అచ్చయింది. ఒక ఊరి కులాలు, పండుగలు, పంచాయితీలు ఎలా అల్లుకుని ఉంటాయో అంత ఓపిగ్గా చెప్పిన పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. పాలమూరు పుస్తకాల షాపుల్లో అడిగితే ఎవరికీ ఆ పేరు తెలియలేదు. జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి పెడితే ఎంత బాగుంటుంది!

2017 నుంచి శంషాబాద్ సీరో మలబార్ మేత్రాసనం కూడా. కేరళ సిరియన్ క్రైస్తవుల శాఖ అది. వాళ్ల ఫాదర్ పారెమ్మాక్కల్ తోమా కత్తనార్ 18వ శతాబ్దం చివర్లో తన రోమ్ ప్రయాణం గురించి మలయాళంలో రాసిన ‘వర్తమానపుస్తకం’ భారతీయ భాషల్లో తొలి యాత్రాగ్రంథమని పేరు. యాత్రలు రాసేవాళ్లు దాని సంగతి తెలుసుకోవాలి.

డిసెంబరులో వెళ్తే పాటలు ఎక్కువ వినొచ్చు, గదులు మాత్రం ముందే చూసుకోవాలి. మండువేసవిలో పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. ఒక్కరోజే వీలైతే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలమూరులో దిగండి, తిరుగు ప్రయాణంలో బస్సెక్కి శంషాబాద్ చూసుకోవచ్చు. రెండు ఆదివారాలు దొరికితే ఒకటి నల్లగొండకు, ఒకటి పాలమూరుకు ఇవ్వండి. చర్చిలో ఫొటో తీసేముందు పాస్టరు గారినో ఫాదర్ గారినో అడగండి. మాకు ఎవరూ కాదనలేదు, ఒకచోట భోజనం కూడా పెట్టి పంపారు.