పెద్దపిల్లకు మడతబండి, చిన్నవాడికి గుడ్డ క్యారియర్

ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి జంట సీట్ల స్ట్రాలర్, అంటే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి తోసే బండి, కొనమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఒడిశాలోని మా బరంపురంలో ఉండేవారైతే అసలు ఆ వైపే చూడవద్దు. మా అమ్మాయికి మూడో ఏడు నడుస్తోంది, బాబుకు ఆరో నెల వచ్చింది. ఈ ఇద్దరినీ వెంటపెట్టుకుని బడాబజారుకు, ఆసుపత్రికి, గోపాల్‌పూర్ సముద్రానికి, ఇచ్ఛాపురంలోని పుట్టింటికి తిరుగుతున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. నడక వచ్చినా తొందరగా అలసిపోయే పెద్దపిల్లకు తేలికైన మడతబండి కొనండి, చిన్నవాణ్ణి గుడ్డ క్యారియర్‌తో ఒంటికి కట్టుకోండి. రెండూ కలిపి మాకైన ఖర్చు, దుకాణంలో చూసిన జంట బండి ధరలో సగం కూడా లేదు.

జంట బండిని చూడకుండా ఈ మాట అనడం లేదు. గాంధీనగర్ వైపు పిల్లల సామాన్లమ్మే దుకాణానికి బయలుదేరే ముందు మావారు మా వీధిగుమ్మం వెడల్పుకు సరిగ్గా నూలుదారం కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. పక్కపక్క సీట్ల బండికి ఆ దారం అడ్డంగా పట్టి చూస్తే, చక్రాలు రెండువైపులా బయటికే ఉన్నాయి. ఈ రకం బండ్లు ముప్పావు మీటరు వెడల్పుకు అటూఇటుగా ఉంటాయి. పాత నేతవీధుల ఇళ్లలో అరుగెక్కి, మెట్లెక్కి, ఇరుకు గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి. ఒకరి వెనుక ఒకరు కూర్చునే రకమైతే గుమ్మంలో పడుతుంది. కానీ పిల్లలు లేకుండానే అది పన్నెండు కిలోలు దాటి తూగుతుంది. పొద్దున మావారు పనికి వెళ్లాక దాన్ని అరుగు మీదికి ఎత్తేది ఎవరు?

ఆ దుకాణం గురించి మంచిమాట చెప్పాలి. యజమాని తెలుగు, ఒడియా రెండూ చక్కగా మాట్లాడతారు. "అమ్మా, లోపలి నున్నటి గచ్చు మీద తోస్తే అన్నీ బాగానే నడుస్తాయి, బయట తోసి చూడండి" అంటూ తానే బండిని రోడ్డు మీదికి దించారు. అమ్మాయిని కూర్చోబెట్టి, పట్టీలు పెట్టి తోశాం. దుకాణం ముందు కాలువ మీద రాతిపలకలు పరిచి ఉన్నాయి. మొదట తోసిన బండి ముందుచక్రాలు మరీ చిన్నవి. రెండు పలకల మధ్య సందులో ఒక చక్రం అడ్డం తిరిగి ఇరుక్కుంది. అమ్మాయి ముందుకు తూలింది, పట్టీలు పట్టి ఆపాయి. అదే సందును రెండో బండి చిన్న కుదుపుతో దాటేసింది. దాని చక్రాలు కాస్త పెద్దవి, వెడల్పుగా ఉన్నాయి. పైగా ముందుచక్రాలు గిరగిరా తిరగకుండా బిగించే మీట ఉంది. బొమ్మలు వేలాడే పట్టీ, గ్లాసు పెట్టుకునే గూడు వగైరాల గురించి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మన రోడ్ల మీద బండి మంచిచెడులు తేల్చేవి ముందుచక్రాలే.

మేము కొన్నది గొడుగులా ముడుచుకునే రకం, బరువు ఆరు కిలోలు. ఈ మడత పద్ధతిని 1965లో రూపొందించినది ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజినీరు. రెండో ప్రపంచయుద్ధపు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన అనుభవంతో, అల్యూమినియం గొట్టాలతో ఆయన ఆ బండి తయారు చేశారు. బరంపురం స్టేషనులో పాదచారుల వంతెన ఎక్కేటప్పుడు ఆయన తెలివి నాకు అందివస్తుంది. బాబు ఛాతీ మీద, మడిచిన బండి భుజానికి, అమ్మాయి చెయ్యి నా చేతిలో. ఇచ్ఛాపురం వైపు వెళ్లే రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పినా ఇప్పుడు కంగారు పడను. కొనేముందు దుకాణంలోనే బిడ్డను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో బండిని మడిచి చూడండి. మడవలేకపోతే ఆ బండి మీకు కాదు.

అయితే ఈ గొడుగు రకం చాలావరకు పూర్తిగా వెనక్కి వాలదు. మెడ నిలవని పసిబిడ్డను అందులో కూర్చోబెట్టకూడదు. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందడం కష్టమవుతుంది. మొదటి ఆరు నెలల్లో బండి కావాలనుకుంటే వీపు భాగం బల్లపరుపుగా పరుచుకునే రకమే తీసుకోవాలి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, మొత్తం ఐదు పట్టీలు ఉండాలి. బండి విప్పేటప్పుడు పిల్లలను దూరంగా నిలబెట్టండి, మడతల దగ్గర వేళ్లు నలుగుతాయి. ఇక ఎండాకాలంలో బండి మీద పలుచటి చీర కప్పడం మన వీధుల్లో బాగా కనిపిస్తుంది. దయచేసి అలా చేయవద్దు. లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. పైకప్పు ముందుకు లాగి, నీడన నడవండి, అంతే.

గోపాల్‌పూర్ ఇసుకలో ఏ స్ట్రాలరూ నడవదు. గట్టు మీది దారి వరకే. తప్పనిసరైతే ముందుచక్రాలు కాస్త లేపి వెనక్కి లాక్కెళ్లాలి. ఇంటికి రాగానే ఇరుసుల్లో చేరిన ఉప్పు ఇసుకను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది.

క్యారియర్ విషయంలో నేను ఇంకా పట్టుదలగా ఉన్నాను. ఇక్కడ అందరూ కంగారూ బ్యాగు అనే చవకరకంలో బిడ్డ కాళ్ల మధ్య సన్నటి పట్టీ ఒక్కటే ఉంటుంది, తొడలు నిటారుగా కిందికి వేలాడతాయి. నేను కొన్నదాంట్లో అడుగు గుడ్డ ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా పరుచుకుంటుంది. బాబు మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి ఉంటాయి, కప్ప కూర్చున్నట్టు. తుంటికీళ్లకు ఇదే మంచి భంగిమ అని అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా (తుంటికీలు సరిగా కుదరని లోపం) సంస్థ చెబుతుంది. ముందుగా నడుంపట్టీని తుంటి ఎముకల పైన బిగిస్తాను. తరువాత బాబును ఛాతీకి ఆనించి, భుజం పట్టీలు ఎక్కించి, నడుము కింద చెయ్యి పెట్టి కాళ్లు సర్దుతాను. వంగకుండానే వాడి నుదుటి మీద ముద్దు పెట్టగలగాలి. ముఖం నాకు కనబడుతూ ఉండాలి. వాడి గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. ఈ మూడూ చూసుకోనిదే గడప దాటను.

లోపల స్పంజి దట్టించినవి మన సముద్రపు ఉక్కకు పనికిరావు. అరగంటలో తల్లీబిడ్డా ఇద్దరూ తడిసిపోతారు. పలుచటి నూలుగుడ్డది చూడండి. రింగుల స్లింగ్, అంటే రెండు రింగుల్లోంచి గుడ్డ దూర్చి ఒక భుజాన వేసుకునేది, ఇంకా చల్లగా ఉంటుంది కానీ బరువంతా ఒక్క భుజం మీదే పడుతుంది. ఇంట్లో కాసేపు ఎత్తుకోవడానికి సరే.

"మన ఇళ్లల్లో ఇవన్నీ ఎప్పుడున్నాయమ్మా" అని మా అత్తగారు మొదట్లో అన్నారు. కొండల నుంచి సంతకు వచ్చే తల్లులు బిడ్డను గుడ్డతో కట్టుకుని, నెత్తిన బుట్టతో నడవడం ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసినదే. ఆన్ మూర్ అనే అమెరికన్ నర్సు కూడా ఆఫ్రికాలోని టోగోలో తల్లులు అలా బిడ్డలను మోయడం చూశాకే స్నగ్లీ అనే క్యారియర్ తయారు చేసి, 1969లో పేటెంటు పొందారు. ఈ సంగతి చెప్పాక ఇప్పుడు అత్తగారే నా వెనుక నిలబడి పట్టీ సరిచేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ మొహమాటపడనివ్వను. క్యారియర్‌లో బిడ్డను కట్టుకుని స్కూటర్ ఎక్కకండి. అది ప్రమాదంలో కాపాడే సాధనం కాదు. ద్విచక్రవాహనం మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్ (బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీల చొక్కా), హెల్మెట్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. ఆ హార్నెస్ వేరు, ఈ క్యారియర్ వేరు. పొయ్యి దగ్గర వంట చేసేటప్పుడు కూడా బిడ్డను దించేయాలి.

మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి జాతర రోజుల్లో బండి ఇంట్లోనే ఉంటుంది, ఆ జనంలో ఏ చక్రమూ కదలదు. తారాతరిణి అమ్మవార్ల గుడి ఉన్న కొండకూ అంతే. 999 మెట్లు ఎక్కలేనివారికి రోడ్డు ఉంది, రోప్‌వే ఉంది. ఎలా వెళ్లినా పైన రద్దీలో బిడ్డ ఒంటిమీద ఉంటేనే నిశ్చింత. వచ్చే చైత్రంలో ఒక మంగళవారం బాబు పుట్టువెంట్రుకలు అక్కడే ఇవ్వాలి. అప్పటికి వాడు తనంతట తాను కూర్చుంటాడు కాబట్టి ఇదే క్యారియర్‌ను వీపు వైపు తిప్పి కట్టుకోవచ్చు. అది మాత్రం ముందుగా మంచం అంచున కూర్చుని, మరొకరు వెనుక పట్టుకుంటుండగా సాధన చేయాల్సిన పని.