రిటైరయ్యాక కొన్న చిన్న కెమెరా: కొన్నేళ్ల వాడకం తర్వాత

కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయడం లేదు. నా దగ్గరున్న మోడల్ ఇప్పుడు కొత్తది దొరకదు. పైగా నేను చెప్పబోయేది మైక్రో ఫోర్ థర్డ్స్ రకం కెమెరాలు చాలావాటికి వర్తిస్తుంది. 2008లో ఒలింపస్, పానాసోనిక్ కలిసి తెచ్చిన పద్ధతి ఇది. ఒక కంపెనీ బాడీకి (లెన్సు తీసేసిన కెమెరాకు) ఇంకో కంపెనీ లెన్సు తగిలించుకోవచ్చు. లోపల వెలుతురును బొమ్మగా మార్చే సెన్సర్ కొలత 17.3 × 13 మిల్లీమీటర్లు, అంటే పాత ఫిల్ము ఫ్రేమంత ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (36 × 24) వైశాల్యంలో సుమారు నాలుగో వంతు.

నాలుగో వంతు అనగానే కొందరు పెదవి విరుస్తారు. అరవై దాటి, బ్యాగు భుజాన వేసుకుని తిరిగేవాళ్లు మాత్రం ముందు చూసుకోవాల్సింది బరువు. నా బాడీ బ్యాటరీతో కలిపి నాలుగు వందల గ్రాముల లోపే. 40–150 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు రెండు వందల గ్రాముల లోపు. ఈ సెన్సర్ మీద 150 మిల్లీమీటర్ల లెన్సు ఫుల్ ఫ్రేమ్‌లో 300 ఇచ్చినంత దగ్గరగా చూపిస్తుంది. అదే ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే 70–300 జూమ్ ఒక్కటే ముప్పావు కిలో దాకా తూగుతుంది. ఉదయం నడకకు కూడా ఇది నాతో వస్తోందంటే ఆ తేడా వల్లే.

అయితే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) పక్కనున్న చిన్న చక్రం. ఏ ప్రకటనలోనూ దాన్ని పెద్దక్షరాల్లో వేయరు. చత్వారం వచ్చినవాళ్లకు ఫోన్‌తో ఫొటో తీయడంలో ఉన్న చిక్కు తెలిసిందే. దూరాన కొమ్మ మీది పిట్ట కళ్లజోడు లేకుండా కనిపిస్తుంది, చేతిలోని తెర జోడు పెడితేగాని కనిపించదు. పెట్టి తీసి మళ్లీ పెట్టేలోగా పిట్ట ఎగిరిపోతుంది. డయాప్టర్ అనే ఈ చక్రాన్ని కంటికి సరిపడా తిప్పుకుంటే వ్యూఫైండర్ లోపలి బొమ్మ, అంకెలు, మెనూ అన్నీ జోడు లేకుండానే తేటగా ఉంటాయి. తిప్పేటప్పుడు ఎదుటి దృశ్యాన్ని చూడొద్దు, లోపల కనిపించే షట్టర్ స్పీడ్ అంకెల్ని చూడండి. దృశ్యం మసగ్గా ఉంటే తేడా ఫోకస్‌లో ఉందో కంటికి ఉందో తేలదు. అంకెల విషయంలో ఆ అనుమానం ఉండదు. బ్యాగులోంచి తీసేటప్పుడు చక్రం కాస్త తిరిగిపోతుంటుంది. కెమెరా పాడైందని టెన్షన్ పడేముందు దాన్నొకసారి చూసుకోండి.

రెండోది చేతి వణుకు. నా బాడీలో సెన్సరే లోపల కదులుతూ ఐదు రకాల కదలికల్ని సర్దుతుంది, స్టెబిలైజర్ అనేది దీన్నే. 45 మిల్లీమీటర్ల లెన్సుకు పాత లెక్క ప్రకారం షట్టర్ వేగం సెకనులో తొంభయ్యో వంతుకు తగ్గకూడదు. నేను పదిహేనో వంతులో తీసినా చాలాసార్లు ఫొటో కదలకుండా వస్తోంది. కానీ అది ఆపేది మన వణుకునే, ఎదుటివాళ్ల కదలికను కాదు. గదిలో పరిగెత్తే మనవడి ఫొటో మసకబారితే స్టెబిలైజర్‌ను అని లాభం లేదు. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) పెంచి షట్టర్ వేగం పెంచుకోవాలి. 1600 దాకా నేను ఆలోచించను. 3200 దగ్గర చీకటి భాగాల్లో ఇసక చల్లినట్టు గరుకు మొదలవుతుంది. చిన్న సెన్సర్‌కు కట్టే మూల్యం అదే.

ఎగిరే పక్షుల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కాంట్రాస్ట్ ఆధారంగా ఫోకస్ చేసే పాత బాడీలు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండిపోతాయి. కూర్చున్న పక్షి అయితే హాయి. బ్యాటరీ ఒక చార్జికి సుమారు మూడు వందల ఫొటోలు. మెనూ ఒక అడవి, కావలసిన నాలుగింటినీ బటన్లకు కేటాయించుకుని మళ్లీ అటు వెళ్లకపోవడమే మేలు.

ఇక తీసినవి ఏం చేయాలన్నది. నాకు ఈ కెమెరా విలువ సగం ఇక్కడే తెలిసింది. నాలాంటి రిటైరైన మిత్రులం కొందరం అప్పుడప్పుడూ కలుస్తాం. తలా ఒక్క ఫొటోనే. తీసినవాళ్లు ముందు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు తమ కన్ను మొదట ఎక్కడ పడిందో చెప్పాలి. ‘సూపర్’, ‘అదిరింది’ నిషిద్ధం.

ఒకాయన వాన వెలిశాక ఆకు చివర వేలాడుతున్న నీటిచుక్క తెచ్చారు. చుక్క లోపల వెనకున్న చెట్టు తలకిందులుగా, కొమ్మలతో సహా కనిపిస్తోంది. అందరూ దానికే పడిపోతారని ఆయన అనుకున్నారు. చూసినవాళ్ల కన్ను మాత్రం పైమూలనున్న తెల్లటి ఆకాశం ముక్క మీదికి పోయింది. అక్కడికక్కడే చదరంగా కత్తిరించి ఆ మూల తీసేశాం, చెట్టు ముందుకొచ్చింది. పదహారు మెగాపిక్సెళ్ల ఫొటో 4608 × 3456. పక్కలు కోసి 3000 × 3000 మిగుల్చుకున్నా అంగుళానికి 300 చుక్కల లెక్కన పదంగుళాల ప్రింటు వస్తుంది.

ఇంకొకావిడ ఫొటోల్లో నీలం ఎప్పుడూ కొట్టొచ్చినట్టు ఉండేది. అదే మాట మేమంటే ఒప్పుకునేవారు కాదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక పాత ఫొటోలు తెరిచి ఆవిడే నవ్వారు. వయసుతో కంటిలోని కటకం పసుపెక్కి నీలాన్ని ఆపేస్తుంది. ఎడిట్ చేసేటప్పుడు ఆకాశం వెలవెలబోయినట్టు తోస్తే నీలం పెంచే స్లైడర్ ఇంకాస్త జరుపుతాం. 1923లో ఇదే ఆపరేషన్ చేయించుకున్న చిత్రకారుడు మోనే కూడా ఆ తర్వాత రంగుల విషయంలో సతమతమయ్యాడు. ఒంటరిగా కూర్చుని ఎడిట్ చేసుకునేవాళ్లకు ఇది చెప్పేదెవరు? అందుకే రంగుల మీద ఎవరైనా రెండుసార్లు అదే మాటంటే కంటి డాక్టరు దగ్గరికి కూడా ఒకసారి వెళ్లిరమ్మంటాను.

పంపుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఫైలు చిన్నదైపోతుంది, అంచుల పదును పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే చేరుతుంది. దానితోపాటు షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ వివరాలూ వెళ్తాయి కాబట్టి ఎందుకు కదిలిందన్న చర్చ ఊహల మీద నడవదు. ఫోన్‌తో తీసినవాటిలో లొకేషన్ కూడా ఉండొచ్చు. ఇంట్లో తీసిన ఫొటోను బయటివాళ్లకు పంపేముందు ఆ లొకేషన్‌ను తీసేయండి.

పగటి వెలుతురులో విశాలమైన దృశ్యాలకైతే మంచి ఫోన్ చాలు, దానికోసం ఈ కెమెరా కొనక్కర్లేదు. దూరంగా ఉన్నవి, ముఖాలు, తక్కువ వెలుతురు, జోడు తీసి పెట్టే బాధ... వీటికోసమైతే కొనండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు లెన్సు వెనకనుంచి టార్చి వేసి లోపల బూజు తీగలున్నాయేమో చూడాలి. బ్యాటరీ ఉబ్బిందేమో బయటికి తీసి చూడాలి. డయాప్టర్ చక్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిరుగుతోందో లేదో సరిచూసుకోవాలి. ఆన్ చేయగానే లోపలినుంచి సన్నటి ‘ఊఁ’ శబ్దం వినిపిస్తే భయపడొద్దు, అది స్టెబిలైజర్ చేసే చప్పుడు.