సీ6/36 మంచిదా, ఏఏజీ2 మంచిదా?

ఒక వైరస్ దోమ కణాల్లో పెరుగుతుందా అని పరీక్షించేవారు సాధారణంగా ముందు సీ6/36 అనే దోమ కణాల సీసానే అందుకుంటారు. ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ లార్వాల కణాల నుంచి 1978లో ఎంపిక చేసిన క్లోన్, అంటే ఒకే కణం నుంచి పెరిగిన కణాల వంశం ఇది. 28 డిగ్రీల వద్ద హాయిగా పెరుగుతుంది. డెంగీ ఇచ్చినా, చికున్‌గున్యా ఇచ్చినా కాదనదు. ఆ ఉదారత వెనుక ఒక లోపం ఉంది: వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే డైసర్-2 అనే ఎంజైమ్ ఇందులో సరిగా పనిచేయదు. కాపలాదారు నిద్రపోతున్న ఇంట్లో దొంగతనం జరిగితే అది దొంగ నేర్పు అనగలమా?

ఏడిస్ ఈజిప్టై అనే మరో దోమ నుంచి వచ్చిన ఏఏజీ2 కణాల్లో కాపలాదారు మేలుకునే ఉంటాడు. వైరస్ దిగుబడి తక్కువైనా, ఫలితం దోమలో జరిగేదానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఈ కణాల్లో కీటక వైరస్‌లు ముందే కాపురముంటున్నాయి. అవి లెక్కను తారుమారు చేయవచ్చు.

ఏది వాడినా, కణాలు నిక్షేపంగా కనిపించాయని వైరస్ పెరగలేదనుకోవద్దు. దోమ కణాలు చావకుండానే వైరస్‌ను మోయగలవు. కణాలు పెంచే పళ్లెంలో ఒక గుంటలో మామూలు వైరస్, పక్క గుంటలో వేడితో చంపిన వైరస్ వేసి, 0, 1, 3, 5 రోజుల్లో రెండింటి ఆర్‌ఎన్‌ఏనూ కొలవాలి. మనం పోసిన వైరస్ మిగులేదో, కొత్తగా పుట్టిందేదో అప్పుడే తెలుస్తుంది.

రోగి రక్తం నుంచి వైరస్‌ను బయటికి తీయడానికి నేను సీ6/36నే వాడతాను. దోమ దాన్ని మోయగలదా అన్న ప్రశ్నకు మాత్రం దాని సాక్ష్యం ఒక్కటే ఉంటే నమ్మను.