నార్త్ ఎండ్‌లో అద్దె ఫ్లాటు: ఇటుక గోడ వెనకాల ఏముంది?

బాస్టన్ నార్త్ ఎండ్‌లో అద్దెకిచ్చే ఫ్లాట్ల ఫోటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ప్లాస్టర్ గీకేసి బయటపెట్టిన ఎర్ర ఇటుక, తెల్ల రాతి వంటగట్టు, మెరిసే చెక్క నేల. ఆ హంగులు కొత్తవే, భవనం మాత్రం చాలాచోట్ల వందేళ్లు దాటినది. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఒకప్పుడు కిక్కిరిసి బతికిన నాలుగైదు అంతస్తుల ఇళ్లే ఇవి. అద్దె వంటగదిని చూసి ఇస్తాం, కాపురం మాత్రం ఆ పాత భవనంతో చెయ్యాలి.

ముందుగా ఆ ఇటుక గోడ సంగతే తేల్చుకోవాలి. అది వీధివైపు గోడైతే ప్లాస్టర్ పోయాక చలిని ఆపేది ఉత్త ఇటుకే. పక్కింటితో కలిసిన గోడైతే చలి బెడద తక్కువ, కానీ సందులుంటే పక్కవాళ్ల మాటలు వినిపిస్తాయి. ఇటుకల మధ్య సున్నాన్ని వేలితో రుద్దండి. పొడి రాలితే మంచం మీదా రోజూ రాలుతుంది. దానికి సీలర్ (పొడి రాలనివ్వని పూత) పూయిస్తామని లీజులో రాయించుకోవాలి.

చాలా భవనాల్లో లిఫ్ట్ ఉండదు. మెట్ల మలుపుల్లో క్వీన్ సైజు బాక్స్ స్ప్రింగ్ (పరుపు కింద పెట్టే చట్రం) తరచు తిరగదు, రెండు ముక్కలుగా వచ్చేది కొనుక్కోవాలి. సోఫా కొనేముందు మలుపు వెడల్పూ ఎత్తూ టేపుతో కొలవండి. నేల కాస్త వాలుగా ఉండటం ఇక్కడ మామూలే. తలుపులు చట్రంలో బిగుసుకుంటూ, గోడమీద మెట్లుమెట్లుగా పగుళ్లు కూడా ఉంటే మాత్రం అనుమానించాలి.

బాస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర నిబంధన ప్రకారం సెప్టెంబర్ 15 నుంచి మే 31 దాకా ఇంట్లో పగలు 68, రాత్రి 64 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. ఆ ఖర్చు అద్దెదారుదేనని లీజులో రాసి ఉంటే బిల్లు మీదే. ఎలక్ట్రిక్ హీటర్లయితే కిందటి జనవరి బిల్లు చూపించమనండి. ఆవిరితో గదిని వేడిచేసే స్టీమ్ రేడియేటర్ దబదబా కొట్టుకుంటోందంటే వాలు సరిగా లేక నీళ్లు పైపులో నిలిచిపోతున్నాయన్నమాట. సరిచేయించవచ్చు.

హనోవర్, సేలం వీధులవైపు కిటికీలుంటే రెస్టారెంట్ల సందడి రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. ఆగస్టులో సెయింట్ల ఉత్సవాలు, ఊరేగింపులు. ఆ సందడే ఈ పేటకి ప్రాణం, అది భరించలేనివాళ్లు ఇక్కడికి రాకపోవడమే మేలు. వెనకవైపు ఫ్లాటు నయమే, అయితే కిటికీ కింద ఏ హోటల్ ఎగ్జాస్ట్ ఫ్యానో ఉందేమో వంగి చూడండి. అందుకే రాత్రి భోజనాల వేళ ఇంకోసారి చూడాలి.

పార్కింగ్ స్టిక్కర్ ఉన్నంతమాత్రాన చోటు దొరకదు. కారు లేనివాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి పేట బాస్టన్‌లో అరుదు: హేమార్కెట్ మెట్రో స్టేషన్‌లో గ్రీన్, ఆరెంజ్ లైన్లు రెండూ ఉన్నాయి, రొట్టె, కాఫీ, కూరగాయలు నడిచివెళ్లే దూరం.

డబ్బు విషయంలో చట్టం అద్దెదారు పక్షమే. చేరేముందు ఓనరు అడగగలిగేది మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల అద్దెకి మించని డిపాజిట్, తాళం మార్చే ఖర్చు. అంతే. క్లీనింగ్ ఫీజు అంటే ఒప్పుకోవద్దు. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకర్ ఫీజు ఆ బ్రోకర్‌ని పెట్టుకున్నవాళ్లే కట్టాలి. డిపాజిట్ వడ్డీ వచ్చే విడి ఖాతాలో వేసి, 30 రోజుల్లో రసీదు ఇవ్వాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే, సీసం పెయింట్ ప్రమాదాన్ని తొలగించే బాధ్యత ఓనరుదే. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం.

లీజులు ఎక్కువగా సెప్టెంబర్ 1న మొదలవుతాయి, ఆ రోజు ఊరంతా ఇళ్లు మారుతుంది. ఇంటిముందు ట్రక్కుకి చోటు కావాలంటే సిటీ నుంచి పర్మిట్ ముందే తీసుకోండి. డ్రైవర్‌కి స్టారో డ్రైవ్ మీదుగా రావద్దని చెప్పండి. అక్కడి తక్కువ ఎత్తు వంతెనల కింద ఏటా ట్రక్కులు ఇరుక్కుంటూనే ఉంటాయి.