శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో బోటు ప్రయాణం: నీళ్ళకి ఐదు స్టార్లు, బోటుకి రెండు

ముందే చెప్తున్నా, బోటువాళ్ళ పేరు రాయను, రేవు పేరు కూడా రాయను. కొల్లాపూర్ వైపు ఉన్న రేవుల్లో ఒకటి అనుకోండి, చాలు. నడిపేది ఒక కుటుంబం, మర్యాదగా మాట్లాడారు, డబ్బులు కూడా ఎక్కువేం అడగలేదు, వాళ్ళ పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇది చదివి వెళ్తే మంచిది.

డిసెంబర్‌లో వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా మామగారు. సంగమేశ్వరం వైపు తిప్పి తీసుకొస్తామన్నారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, అది ఏడు నదులు కలిసే చోటు, పాత గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ కిందే ఉంటుంది. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు, ఎండాకాలం అది 840 దరిదాపుల్లోకి దిగితే తప్ప గుడి పూర్తిగా బయటికి రాదు. మేం వెళ్ళినప్పుడు శిఖరం కూడా కనపడలేదు. సరంగు ఇంజన్ స్లో చేసి, "ఇగో, గుడి మన కిందనే ఉన్నది సార్" అన్నాడు. అందరూ ఒక్కసారి మాట్లాడటం ఆపేశారు, మా చిన్నది నీళ్ళలోకి చూసి దండం పెట్టింది. ఆ రెండు నిమిషాల కోసమైనా వెళ్ళొచ్చు, అందులో సందేహం లేదు.

ఇక బోటు. పొడుగాటి ఇనుప బోటు, అడుగు పళ్ళెంలా చదునుగా ఉంటుంది, మధ్యలో బల్లలు. ముందు వైపు నాలుగు బైకులు ఎక్కించారు, వాటి పక్కనే ఒక పెట్రోల్ క్యాన్, ఆ క్యాన్‌కి మూరెడు దూరంలో ఒకాయన బీడీ. నేను మనుషుల్ని లెక్కపెట్టాను, 37 మంది. లైఫ్ జాకెట్లు 22. అందులో కట్టుకోవడానికి బకిల్ సరిగ్గా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. పిల్లల సైజు ఒక్కటీ లేదు. మా చిన్నదానికి ఆరేళ్ళు, పెద్దవాళ్ళ జాకెట్ తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చేతికొచ్చింది, పిల్ల బల్ల మీదే ఉంది. మీరు కూడా ఎక్కేముందు ఇలా లాగి చూడండి, నీళ్ళలో జరిగేది సరిగ్గా ఇదే. చివరికి మా ఆవిడ చున్నీతో కాళ్ళ మధ్య నుంచి కట్టింది. బోటుని తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ ఎక్కడైనా తగిలించారా, ఇంతమందినే ఎక్కించాలని రాసి ఉందా అని చూశాను. దేవుడి ఫొటో, క్యూఆర్ కోడ్ తప్ప ఏమీ లేవు.

మా మామగారిది నరసాపురం పక్కన. సఖినేటిపల్లి పంటు మీద ఎన్ని వేలసార్లు గోదావరి దాటారో ఆయనకే తెలీదు. ఆయన ఎక్కగానే చూసింది జాకెట్లు కాదు, బోటు అంచు నీళ్ళకి ఎంత ఎత్తులో ఉందో చూశారు. "అల్లుడుగారూ, జానెడుకి కాస్త ఎక్కువ ఉందంతే. ఏట్లో అయితే పర్వాలేదు, ఇది ఏరు కాదు కదండీ" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు అర్థమైంది.

పొద్దున వెళ్ళేటప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి గాలి లేచింది. నదిలో ప్రవాహం భయం, సుడుల భయం ఉంటాయి కానీ గాలికి పెద్ద అల పుట్టేంత జాగా మామూలుగా ఉండదు, ఒడ్డు దగ్గరే ఉంటుంది. ఇక్కడ అలా కాదు, గాలికి అడ్డు లేకుండా కిలోమీటర్ల కొద్దీ నీళ్ళు పరుచుకుని ఉన్నాయి, ఎంత దూరం తోసుకొస్తే అల అంత ఎత్తు లేస్తుంది. మా బోటేమో నది కోసం కట్టిన బోటు, అంచు తక్కువ, అడుగు చదును. అల పక్క నుంచి కొట్టినప్పుడల్లా నీళ్ళు లోపల పడ్డాయి, ఒక బైకు స్టాండ్ మీంచి జారి పక్క బైకు మీద పడింది. అది చాలదన్నట్టు ఒక కుర్రాళ్ళ గుంపు వీడియో కోసం అందరూ ఒకే వైపుకి లేచి వెళ్ళారు. నాకు వెంటనే తేక్కడి గుర్తొచ్చింది. 2009లో అక్కడ, కేరళలోని పెరియార్ రిజర్వాయర్‌లో, రెండంతస్తుల బోటు బోల్తాపడి 45 మంది పోయారు, అక్కడా జంతువులు కనపడ్డాయని జనం ఒక పక్కకి చేరడం ఒక కారణమన్నారు.

ఇక్కడ సరంగుని మెచ్చుకోవాలి. కుర్రాళ్ళని గట్టిగా తిట్టి కూర్చోబెట్టాడు, ముక్కు అలకి ఎదురు తిప్పాడు, నేరుగా రేవుకి రాకుండా గుట్టల చాటున ఒడ్డు పట్టుకుని చుట్టు తిరిగి తీసుకొచ్చాడు. ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది, డీజిల్ ఖర్చు ఆయనదే. రెండో స్టారు ఆ ఒక్క పనికి ఇచ్చాను. దిగాక నేను జాకెట్ల సంగతి అడిగితే మాత్రం "ఏం కాదు సార్, దినాం పోయేటోళ్ళమే" అన్నాడు. దినాం పోయేవాళ్ళే అన్నా, ఇదే బ్యాక్‌వాటర్‌లో 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర ఒక బోటు మునిగింది కూడా! 60 మందికి పైగా పోయారు. ఎదురెదురు ఒడ్డుల్లో ఉన్న సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలని ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అంత గట్టిగా అడుగుతూ వచ్చింది ఊరికే కాదు.

మా పెద్దమ్మ కొడుకు చికాగోలో ఉంటాడు. ఇంటికొచ్చి వాడికి ఇదంతా చెప్తే, అక్కడ ఇల్లినాయి నదిలో తిరిగే బార్జీలని మిషిగన్ సరస్సులోకి అంత సులువుగా వదలరని చెప్పాడు. వదిలినా కొన్ని దారుల్లోనే, ఆ రోజు గాలీ అలలూ ఎంతుంటాయో చూసుకునే, ప్రమాదకరమైన సరుకు లేకుండానే వెళ్ళాలట. అవి మనుషులు లేని సరుకు బార్జీలు! ఇక్కడ 37 మంది, నాలుగు బైకులు, పెట్రోలు, బీడీ.

మన దగ్గర రూల్స్ లేవని కాదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్, నడిపేవాళ్ళకి అర్హత, అన్నీ అందులో ఉన్నాయి, అలల ఎత్తుని బట్టి జలాలని జోన్లుగా విడగొట్టే ఏర్పాటు కూడా ఉంది, అంటే మా మామగారు చెప్పిన ఏరూ చెరువూ తేడా చట్టానికీ తెలుసు. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్‌లో మునిగిన బోటులో 77 మంది ఎక్కితే 26 మందే బతికిన తర్వాత ఆంధ్రాలో బోట్ల మీద నిఘా కోసం కంట్రోల్ రూములూ పెట్టారు. అయితే నేను ఎక్కిన రేవులో ఆ రోజు టికెట్ లేదు, పేర్లు రాసుకున్న కాగితం లేదు. మునిగితే ఎంతమంది ఎక్కారో చెప్పడానికి నేను వేసుకున్న లెక్క ఒక్కటే ఉండేది, అది కూడా నాతోపాటే మునిగేది.

వెళ్ళొద్దని అనను. పొద్దున ఎనిమిదికల్లా ఎక్కండి, మధ్యాహ్నం పన్నెండు లోపు తిరిగి రేవులో ఉండేలా మాట్లాడుకోండి. బైకులు ఎక్కిస్తుంటే తర్వాతి బోటుకి ఆగండి. పిల్లల జాకెట్లు మీరే కొని పట్టుకెళ్ళండి, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నవి. నేను రెండు కొన్నాను, కారు డిక్కీలోనే ఉంటున్నాయి. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్దామని మా చిన్నది అడుగుతోంది, మా మామగారు మాత్రం ఎండాకాలం గుడి తేలాక రోడ్డు మీద నుంచే వెళ్దామంటున్నారు.