బ్యాండ్ మోతలో గొంతు కాచుకోవడం: చెవి మానిటర్ చాలాకాలం వాడాక

గొంతు కోసం నేను పెట్టిన ఖర్చుల్లో నిజంగా ఫలితం చూపించింది చెవిలో పెట్టుకునే వస్తువు. మిరియాల పాలు, పటికబెల్లం, బుగ్గన కరక్కాయ, మెడికల్ షాపులో దొరికే చప్పరింపు బిళ్లలు, అన్నీ వాడాను. వాటితో హాయిగా ఉండేది, కానీ ప్రోగ్రాం మర్నాడు గొంతు బొంగురుపోవడం ఆగలేదు. మింగింది ఏదైనా ఆహారనాళంలోకి పోతుంది. స్వరతంతువులు ఉండేది గాలి వెళ్లే దారిలో. అంటే మనం తాగే కషాయం వాటిని నేరుగా తాకనే తాకదు.

నేను గుంటూరులో ఉంటాను, ఆర్కెస్ట్రాలో పాడతాను. విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల రిసెప్షన్లు, సంగీత్‌లు, వినాయకచవితి, దసరా పందిళ్లు, శివరాత్రికి కోటప్పకొండ. మా బ్యాండ్‌లో డ్రమ్స్, ప్యాడ్స్, బేస్ గిటార్, రెండు కీబోర్డులు, ఢోలక్ ఉంటాయి. కొన్నేళ్లుగా నేను వాడుతున్నది వైరు ఉన్న ఇన్-ఇయర్ మానిటర్, అంటే స్టేజీ మీద మన గొంతును మన చెవిలోనే వినిపించే ఇయర్‌ఫోన్: చెవి పైనుంచి వెనక్కి తిరిగే వైరు, ఆ వైరు ఊడదీసి మార్చుకునే వీలు, మెత్తటి ఫోమ్ టిప్పులు, నడుముకు తగిలించుకునే చిన్న యాంప్లిఫయర్ డబ్బా. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకంలో కాస్త పేరున్నది ఏది కొన్నా పని ఒకటే. నాకు మొత్తం కలిపి పదివేలు దాటింది.

ముందు అసలు గొంతు ఎందుకు పోతుందో చెప్పాలి, లేకపోతే ఇంత డబ్బు చెవికి ఎందుకు పెట్టానో అర్థం కాదు. చుట్టూ మోత పెరిగితే మనిషి గొంతు దానంతటదే పెరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఈఎన్‌టీ డాక్టర్ ఎటియెన్ లొంబార్డ్ దీన్ని 1911లో వివరించాడు, ఆయన పేరుతోనే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. "ఈసారి అరవకుండా పాడతాను" అని ఎంత గట్టిగా అనుకున్నా, రెండో చరణానికి వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బుతాయి. ఎందుకంటే అది మన నిర్ణయం మీద నడిచేది కాదు, చెవి అడిగిన మేరకు గొంతు చేసే పని. దీనికి రెండో వైపు కూడా ఉంది. మన గొంతు మనకు స్పష్టంగా, కాస్త ఎక్కువగా వినిపిస్తే మనం తెలియకుండానే తగ్గించి పాడతాం. నా అనుభవంలో ఈ వస్తువు చేసే మేలంతా ఈ రెండో దాంట్లోనే ఉంది.

హార్మోనియం మీద మధ్య స్థాయిలో 'ఎ' మెట్టు పట్టుకుని పాడితే స్వరతంతువులు సెకనుకు 440 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అదే స్వరం మెల్లగా పాడినా 440 సార్లే, అరిచి పాడినా 440 సార్లే. అరిచినప్పుడు ఆ తగలడం గట్టిగా ఉంటుంది. మూడు గంటల ప్రోగ్రాంలో అది ఎన్నిసార్లవుతుందో ఆలోచించండి. తంతువులు వాచి మందమైతేనే మర్నాడు గొంతు బరువుగా, బొంగురుగా వస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే వాటి మీద కాయల్లాంటివి కడతాయి, డాక్టర్లు నాడ్యూల్స్ అనేవి ఇవే.

మన ప్రాంతంలో ఈ మాటెత్తితే పెద్దవాళ్లు ఒకటి అడుగుతారు: "పద్యనాటకాల వాళ్లు మైకే లేకుండా తెల్లవార్లూ పాడలేదా?" పాడారు, వాళ్లకు దండం పెట్టాలి. ఈలపాట రఘురామయ్య గారిది మన గుంటూరు జిల్లా సుద్దపల్లే. కానీ వాళ్ల పక్కన ఉన్నది హార్మోనియం, తబలా. చివరి వరుసదాకా వినిపించేలా గొంతుకు మెరుపు తెచ్చుకునే సాధన వాళ్లకు చిన్నప్పటి నుంచీ ఉంది. మూడు వేల హెర్ట్జ్ దరిదాపుల్లో బలంగా పలికే గొంతు పెద్దగా అరవకుండానే దూరం వెళ్తుంది. మా వెనక ఉన్నది డ్రమ్ కిట్టు. దగ్గర నిలబడితే వంద డెసిబెళ్లు దాటుతుంది. దాంతో ఏ గొంతూ పోటీ పడలేదు, పడకూడదు.

మామూలుగా స్టేజీ మీద మన గొంతు మనకు వినిపించడానికి కాళ్ల దగ్గర పెట్టే స్పీకర్, అంటే మానిటర్ బాక్సే ఉంటుంది. ఫంక్షన్ హాలులో అది ఎలా పనిచేస్తుందో చెప్తాను. కింద గ్రానైట్, వెనక ఎల్ఈడీ వాల్, పక్కన అద్దాలు. మా డ్రమ్మర్ క్రాష్ సింబల్ కొడితే ఆ శబ్దం వాల్‌కు తగిలి నా మైకులోకే వస్తుంది. నేను "వోకల్ పెంచన్నా" అంటాను, ఆపరేటర్ పెంచుతాడు, బాక్సులోంచి కీచుమని కూత మొదలవుతుంది. "ఇంకా పెంచితే కూతొస్తుందక్కా" అంటాడు. అతను చెప్పేది నిజమే. అక్కడితో దారి మూసుకుపోతుంది, ఇక గొంతు పెంచడమే మిగులుతుంది. కుర్చీలు, తెరలు ఉన్న ఆడిటోరియంలో కాస్త నయం, తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట ఇంత టెన్షన్ ఉండదు. కోటప్పకొండలో అయితే పక్కపక్కనే ప్రభలు, ఒక్కో ప్రభ దగ్గర ఒక్కో సౌండ్. మన పాట మనకే అందదు.

చెవి మానిటర్ పెట్టుకున్నాక మొదట జరిగేది నిశ్శబ్దం. ఫోమ్ టిప్పును వేళ్లతో నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి డొప్పను పైకి లాగి లోపలికి తోసి, అది విచ్చుకునేదాకా కాసేపు అలాగే పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే బయటి మోత ఇరవై ముప్ఫై డెసిబెళ్లు పడిపోతుంది. డ్రమ్స్ పక్క గదిలోకి వెళ్లినట్టు ఉంటుంది. సగం మాత్రమే కూర్చుంటే బేస్ అంతా పోయి పలచగా వినిపిస్తుంది. అప్పుడు వాల్యూమ్ పెంచకూడదు, టిప్పు తీసి మళ్లీ పెట్టుకోవాలి.

అలవాటు కావడానికి టైము పట్టింది. చెవులు మూసుకుని పాడితే మన గొంతు ఎముకల ద్వారా తలలో గుంయ్‌మంటుంది, అపశ్రుతి పడుతోందేమో అని అనుమానం వస్తుంది. అందుకే ఇంట్లో తంబురా యాప్ పెట్టుకుని, ఇవే చెవిలో ఉంచుకుని సాధన చేశాను. నేరుగా స్టేజీ మీద మొదలుపెట్టొద్దు.

మిక్స్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆపరేటర్ మిక్సర్‌లో మీ కోసం విడిగా ఒక ఆక్స్ అవుట్‌పుట్ కావాలి, అంటే మీకు కావలసిన శబ్దాలే కలిపి మీకు పంపే వేరే లైను. మెయిన్ స్పీకర్లకు వెళ్లే మిక్సే చెవిలోకి ఇస్తే పెద్దగా ఉపయోగం లేదు. నాకు కావలసినవి మూడే: నా గొంతు అన్నిటికన్నా పైన, శ్రుతి కోసం కీబోర్డు, లయ కోసం డ్రమ్స్‌లోంచి కొద్దిగా కిక్, హైహ్యాట్. బేస్ గిటార్ అడగను, అది ఎలాగూ స్టేజీ చెక్కల్లోంచి కాళ్లకు తెలుస్తుంది. గొంతుకు కొంచెం రివర్బ్, అంటే హాల్లో పాడినట్టు వినిపించే గుంజారం, వేయించుకుంటాను. పొడిగా వినిపిస్తే తెలియకుండా స్వరాన్ని లాగడానికి నెట్టి పాడతాం. ఇంకొక్కటి, చెవిలోకి వచ్చే గొంతుకు కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని తగ్గించి సమం చేసేది) వద్దని చెప్పండి. అది ఉంటే ఎంత గట్టిగా పాడినా ఒకేలా వినిపిస్తుంది, అరుస్తున్నామన్న సంగతి మనకు తెలియదు.

ఇవన్నీ సౌండ్ చెక్‌లోనే కుదరాలి. రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని రూలు ఉంది కాబట్టి ప్రోగ్రాం ఆలస్యమైతే ముందు కోత పడేది సౌండ్ చెక్‌కే. నేను ఆపరేటర్ కంటే ముందే హాలుకు చేరుకుని, "అన్నా, నాది ఒక్క ఆక్స్ చూసేసి మిగతావి చూసుకోండి" అని అడుగుతాను. మర్యాదగా ముందే అడిగితే చాలామంది సంతోషంగా చేస్తారు.

ఒక చెవిలో పెట్టుకుని రెండోది వేలాడేసే గాయకులను చాలామందిని చూస్తున్నాను. జనం చప్పట్లు వినబడవని, ఒంటరిగా అనిపిస్తుందని చేస్తారు. ఆ బాధ నిజమే, నాకూ ఉంది. కానీ తెరిచిన చెవిలోకి డ్రమ్స్ మోత వస్తూనే ఉంటుంది, దాన్ని దాటడానికి మూసిన చెవిలో వాల్యూమ్ పెంచుతారు. గొంతుకూ మేలు జరగదు, ఆ చెవీ దెబ్బతింటుంది. 85 డెసిబెళ్లు రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని, ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క. 100 డెసిబెళ్ల దగ్గర అది 15 నిమిషాలే. జనం సందడి కావాలంటే స్టేజీ అంచున ఒక మైకు హాలు వైపు పెట్టించి, అది కొద్దిగా చెవిలోకి ఇప్పించుకోండి. నేను పెద్ద ప్రోగ్రాంలకు ఇలాగే చేస్తాను.

ఇబ్బందులు లేకపోలేదు. మన ఉక్కలో చెమట వైరు అతికే చోట చేరుతుంది, ఒక పక్క శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. నా సెట్టులో వైర్లు ఇప్పటికే మార్చాల్సి వచ్చింది. ఫోమ్ టిప్పులు కొన్నాళ్లకు గట్టిపడి విచ్చుకోవడం మానేస్తాయి. బుట్టలు, మాటీలు పెట్టుకుంటే వైరు చిక్కుకుంటుంది, అందుకే ప్రోగ్రాం రోజు దిద్దులే. చీర మీద నడుము డబ్బాకు నాడా బెల్టు వేసుకోవాలి, లేకపోతే డబ్బా బరువుకు కుచ్చిళ్లు లాగేస్తుంది. మైకు కేబులునూ దీన్నీ కలిపి టేపు చుట్టించుకున్నాను కాబట్టి కాళ్లకు అడ్డం పడేది ఒక్క తాడే. స్టేజీ అంతా తిరుగుతూ, కిందికి దిగి జనంలోకి వెళ్లి పాడేవాళ్లకు వైరు సెట్ పనికిరాదు, వైర్‌లెస్ కొనాల్సిందే. దానికి ఖర్చు చాలా ఎక్కువ.

ఇది తీర్చలేనివి కూడా ఉన్నాయి. స్కేల్ ఎక్కువైతే చెవిలో ఏం పెట్టుకున్నా గొంతు పట్టేస్తుంది. యుగళగీతాల్లో ఈ గొడవ ఎక్కువ. సినిమా స్కేల్‌లోనే పాడాలని పట్టుబట్టకుండా, కీబోర్డు మాస్టారుని ఒకటో రెండో కిందికి ట్రాన్స్‌పోజ్ చేయమని అడగడంలో నామోషీ లేదు. జనానికి తేడా తెలియదు. ఎత్తు పాటలన్నీ వరసగా పెట్టుకోకుండా మధ్యలో ఒక మెలోడీ వేసుకుంటాను.

పాటల కన్నా గొంతును ఎక్కువ తినేది పాటల మధ్య మాటలు. "హాయ్ బెజవాడ, చేతులు పైకి!" అని డ్రమ్ రోల్ మీద అరవడం. పాడేటప్పుడు ఊపిరి మీద అదుపు ఉంటుంది, అరిచేటప్పుడు ఉండదు. మా డ్రమ్మర్‌తో మాట్లాడుకున్నాం: నేను మాట్లాడేటప్పుడు అతను ఆపేస్తాడు. ఈ చిన్న ఒప్పందానికి పైసా ఖర్చు కాలేదు. మానిటర్ తర్వాత నా గొంతుకు ఎక్కువ మేలు చేసింది ఇదే.

మైకు సంగతి. షూర్ ఎస్ఎమ్58 లాంటి కార్డియాయిడ్ మైకు, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం, తనకు సరిగ్గా వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. సూపర్ కార్డియాయిడ్ రకం వెనక పక్కల నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తుంది. ఏదైనా సరే, పెదవులకు రెండు వేళ్ల దూరంలో పట్టుకుంటేనే పని చేస్తుంది. దూరం సగం చేస్తే దాదాపు 6 డెసిబెళ్లు ఉచితంగా వస్తాయి. మైకు తలను అరచేత్తో మూసి పట్టుకుంటే ఆ గుణమంతా పోయి కూత వస్తుంది. సింబల్స్ నేరుగా వెనక లేకుండా రెండడుగులు పక్కకు జరిగి నిలబడితే చెవిలో మోత ఇంకా తగ్గుతుంది.

ప్రోగ్రాం ముందు నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉంటాను. అర్ధరాత్రి బిర్యానీ తిని వెంటనే పడుకోవడం మానేశాను, పులిత్రేన్పులు గొంతు దాకా వస్తే తంతువులు మండుతాయి. గొంతును మొద్దుబార్చే బిళ్లలు వేసుకుని స్టేజీ ఎక్కొద్దు, నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోకండి, మౌనమే విశ్రాంతి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.

నెలకు ఒకటో రెండో ప్రోగ్రాంలు, చిన్న హాళ్లు, ప్యాడ్స్‌తో సరిపెట్టే బ్యాండ్ అయితే ఇది కొనక్కర్లేదు, కాళ్ల దగ్గరి బాక్సును మొహం వైపు ఎత్తి పెట్టుకుంటే చాలు. డ్రమ్ కిట్టు పక్కన వారం వారం పాడేవాళ్లు మాత్రం ఆలోచించకుండా కొనొచ్చు. కొనేముందు మీరు తరచూ పనిచేసే సౌండ్ వాళ్ల మిక్సర్‌లో ఖాళీ ఆక్స్ ఉందో లేదో కనుక్కోండి. వైరు ఊడివచ్చే రకమే తీసుకోండి, అదనంగా ఒక వైరు, మూడు సైజుల ఫోమ్ టిప్పులు, డబ్బాకు వేరే బ్యాటరీలు సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి.